వెనక సీటు

జూన్ 4, బుధవారం

నన్ను కొత్త బ్రాంచికి వెయ్యడం ఖాయమైంది. ఊరి చివర, బస్సు ఆఖరి స్టాపులో దిగాక ఇంకా బోలెడు దూరం నడవాలి. కళ్లజోళ్ల షాపు అక్కడెందుకు పెట్టారో వాళ్లకే తెలియాలి, ఆ చుట్టుపక్కల మనుషులే కనబడరు. మేనేజరు ఏదో ఉపకారం చేస్తున్నట్టు చెప్పాడు. "అక్కడ పరీక్ష గది పెద్దదమ్మా, కిటికీ కూడా ఉంది." కిటికీ నేనేం చేసుకోను? నా పని చీకట్లో.

ఇంటికొచ్చి చెబితే ఈయన, "ఓ చిన్న కారు చూసుకుందాం. సెకండ్ హ్యాండ్‌ది చాలు. నీకు డ్రైవింగ్ వచ్చు కదా, ఎందుకని..." అని ఆపేశారు.

ఎందుకని మూడేళ్లుగా ముట్టుకోలేదు అనబోయారు. పాపం, మింగేశారు.

జూన్ 7, శనివారం

ఈయన ఫోన్లో కొన్ని కార్లు చూపించారు. లెక్కల మాస్టారు కదా, ఒక్కోదానికీ మార్కులు వేసుకుంటూ వచ్చారు. ఒకదాన్ని మాత్రం గబుక్కున వేలితో పైకి తోసేశారు. ఆయన స్నానానికి వెళ్లాక నేనే వెతికి చూశాను.

తమ్ముడి కారు మోడలే. వాడిది తెలుపు. ఇది ముదురెరుపు.

అందుకని కాదు. చిన్న కార్లలో మైలేజీ బాగా ఇచ్చేది అదేనని అందరూ అంటారు. విడిభాగాలు ఏ మూలకెళ్లినా దొరుకుతాయి. వాడు పోయి మూడేళ్లయింది. ఆ మోడలు కార్లు రోడ్ల మీద ఎన్ని తిరగడం లేదు? అన్నింటినీ తప్పించుకుంటూ పోవాలంటే ఇంట్లోంచి కదలకూడదు.

ఫోన్ చేశాను. కారు అమ్మే ఆవిడ ఎత్తి, రేపు రమ్మంది.

జూన్ 8, ఆదివారం

కారు గలావిడ బ్యూటీషియన్. ఇంటింటికీ వెళ్లి పని చేస్తుందట. యాభై దాటి ఉంటాయి. జుట్టుకి వేసిన రంగూ, కారు రంగూ ఒకటే. కూతురికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చిందట, ఇద్దరూ అక్కడికి మారిపోతున్నారు, అందుకని అమ్మేస్తోంది. తలుపు తీసి నా మొహంలోకి చూసింది.

"ముందు కూర్చో అమ్మాయ్. కారెక్కడికీ పారిపోదు. ఆ కనుబొమ్మలేంటి, పాడుబడ్డ ఇంటి ముందు గడ్డిలా?"

ఈయన నవ్వారు. ఆయన నవ్వి చాలా రోజులైంది. నేనూ నవ్వాను.

కొంతదూరం ఈయన నడిపారు. తర్వాత పక్కకి ఆపి, నా వైపు చూడకుండా, "నువ్వు నడుపుతావా?" అన్నారు. సీటు మారాను. అద్దం సరిచేసుకుని బయల్దేరాను.

రెండో గేరు పడలేదు. కాస్త ఆగి మళ్లీ వేస్తే పడింది. వెనక సీట్లోంచి బ్యూటీషియన్, "దాన్ని బతిమాలాలమ్మాయ్. మొండిది," అంది.

తమ్ముడి కారూ అంతే. నాకు నేర్పేటప్పుడు పక్కన కూర్చుని అనేవాడు, "లాక్కోకక్కా, అడిగి తీసుకో. బావగారి జీతం కవరనుకున్నావా?"

పాత కార్లన్నీ అంతే.

ఇంజను బాగుంది. టైర్లు ఫర్వాలేదు. మైలేజీ బాగుంది.

జూన్ 9, సోమవారం

కారులో ముందు సీటుకి ఎదురుగా ఉండే సామాన్ల పెట్టె మూత కూడా గుద్దితేనే పడుతోంది. నిన్న రాయడం మర్చిపోయాను.

మర్చిపోలేదు.

జూన్ 11, బుధవారం

ఒక పెద్దాయన కళ్లు చూపించుకోడానికి వచ్చారు. అద్దాలు మార్చి మార్చి పెడుతున్నాను. "ఇదా, ఇదా? ఏది స్పష్టంగా ఉంది?" ఆయన, "రెండూ ఒకలాగే ఉన్నాయమ్మా," అంటారు. నేను ఒప్పుకోను. మళ్లీ మార్చి పెడతాను. చివరికి ఆయన గడ్డం ఆనించిన చోటునుంచి తల తీసేసి, "ఏదోటి రాసెయ్యమ్మా, నీకు ఏది బాగుంటే అది," అన్నారు.

సాయంత్రం ఇంటికి రాకుండా ఇంకో బస్సెక్కి కారు దగ్గరికి వెళ్లాను. బ్యూటీషియన్ ఎక్కడో పనిలో ఉంది, కూతురు తాళాలిచ్చింది. బానెట్ ఎత్తి చూశాను. ఇంజను గురించి నాకేం తెలుసు? మూత అంచున రబ్బరు కింద రంగు పెచ్చు లేచి ఉంది. గోరుతో గీకాను.

కింద తెలుపు.

జూన్ 12, గురువారం

అమ్మ షాపుకి వెళ్లాను. ఎవరిదో ప్యాంటు నడుము వదులు చేస్తోంది. పళ్లమధ్య గుండుసూదులు. వాటి సందులోంచే అడిగింది.

"కారు కొంటున్నావట?"

"ఆఁ. చిన్నది."

"రంగేంటి?"

"ఎరుపు."

"మంచిది," అంది. ఏ మోడలని అడగలేదు. మూడేళ్లుగా మా ఇద్దరి మధ్యా అలాగే నడుస్తోంది. వాడి పేరొచ్చే దారి ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. అక్కడికి రాగానే ఇద్దరం పక్కకి తిరుగుతాం.

వాడి కారెక్కితే అమ్మ వెనక సీట్లోనే కూర్చునేది. ముందు సీటు నిండా వాడి స్పీకర్లు, వైర్లు, మైకులు. ఎక్కడ సభ జరిగినా వాడే సౌండు పెట్టేవాడు. నేనెక్కితే వైర్లన్నీ నా ఒళ్లో పడేసి ముందే కూర్చోబెట్టేవాడు. అమ్మకి ఆ అవస్థ లేదు, బట్టల సంచి పక్కన పెట్టుకుని వెనకాల మహారాణిలా.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో.

జూన్ 14, శనివారం

మళ్లీ వెళ్లాను. బ్యూటీషియన్ కారు సంగతి ఎత్తనివ్వలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, దారం తీసి, కనుబొమ్మలు సరిచేసింది. గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పింది.

"అద్దం చూసుకుని ఎన్నాళ్లయింది?"

"రోజూ చూస్తూనే ఉంటాను."

"చూడ్డం వేరు, చూసుకోడం వేరు," అంది. ఏం జరిగిందని అడగలేదు. తాళాలు చేతిలో పెట్టి, "ఓ రౌండు వేసుకురా. ఒక్కదానివే వెళ్లు," అంది.

ఎక్కడికని అనుకోలేదు. చూస్తే అమ్మ షాపున్న వీధిలో ఉన్నాను. కారు ఆపలేదు, మెల్లగా పోనిచ్చానంతే. అమ్మ మిషను మీద వంగి ఉంది. కారు షాపు ముందుకి రాగానే మిషను ఆపింది. తలెత్తింది. గుమ్మం వైపు కాదు, వీధి వైపు కాదు, ఎటో చూస్తూ అలాగే ఉండిపోయింది. అద్దంలో కనబడినంతసేపూ చూశాను.

వీధిలో ఇంకా చాలా బళ్లు వెళ్తున్నాయి. దేనికి తలెత్తిందో ఎవరికి తెలుసు?

వచ్చేటప్పుడు రెండో గేరు ఒక్కసారికే పడింది. అడిగి తీసుకున్నాను. అడగడమంటే, పైకే అడిగాను. ఇంకా కొన్ని మాటలు కూడా అన్నాను. అవి రాయను.

జూన్ 15, ఆదివారం

తమ్ముడి పాత నంబరుకి ఫోన్ చేశాను. ఎవరో ఆవిడ ఎత్తింది. వెనకాల కుక్కరు కూత. రాంగ్ నంబరన్నాను.

జూన్ 17, మంగళవారం

"కారు కొంటున్నావా, పెళ్లి సంబంధం చూస్తున్నావా?" అన్నారు ఈయన. "ఇన్నిసార్లు వెళ్లొస్తున్నావు. అవునంటే అవునను, కాదంటే కాదను. ఆవిడ ఇంకెవరికైనా చూపించుకుంటుంది."

"చూపించొద్దని చెప్పాను."

"ఏ హక్కుతో?"

నిజమే. అడ్వాన్సు కూడా ఇవ్వలేదు మేము.

శనివారం ఆయన శిష్యుడి గ్యారేజీకి తీసుకెళ్లి చూపిద్దామన్నారు. అవసరం లేదన్నాను. ఆయన వినలేదు. నా మాట కాదని ఆయన ఏదైనా చేసి ఎన్నాళ్లయిందో.

మెకానిక్ ఏం చెబుతాడో నాకు తెలుసు. ముందువైపు గుద్దుకున్న కారు, బాగుచేసి రంగు మార్చారు అంటాడు. అననీ. యాక్సిడెంటైన బళ్లని ఇన్సూరెన్సు వాళ్లు వేలం వేస్తారు, ఎవరెవరో కొని బాగుచేసి అమ్ముతారు. వాడిది కూడా ఎక్కడికో వెళ్లే ఉంటుంది. బ్యూటీషియన్ రెండేళ్ల కిందట కొంది. సరిగ్గా సరిపోతుంది.

చూశావా, రాసేశాను.

జూన్ 21, శనివారం

శిష్యుడికి ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. పిల్లలు బడికెళ్తున్నారు. అయినా ఈయన్ని చూడగానే చేతిలో సిగరెట్టు వెనక్కి దాచాడు.

"సార్, పదో క్లాసులో నాకు పన్నెండు మార్కులేశారు మీరు."

"నువ్వు రాసింది పదికే. మిగతావి దస్తూరికి వేశాను."

నవ్వుతూనే కారుని పైకెత్తించి కిందికెళ్లాడు. చాలాసేపు రాలేదు. వచ్చాక నవ్వు లేదు. ముందు సీట్లు రెండూ పూర్తిగా ముందుకి జరిపి, కింద పరిచిన గుడ్డ పైకెత్తి, టార్చి వేశాడు.

"సార్, ఒకసారి ఇలా రండి."

నేల రేకు మీద, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా, అడ్డంగా ఓ గీత. మానిన గాయం మచ్చలా ఉబ్బి ఉంది. టాపు లోపలి గుడ్డ కొంచెం ఊడదీసి చూపించాడు. అక్కడా అదే.

"ఇది ఒక కారు కాదు మేడమ్. రెండు కార్లు. ఒకదాన్ని వెనకనించి గుద్దారు, ముందు సగం మిగిలింది. ఇంకోదానికి ముందు పోయింది, వెనక మిగిలింది. నడుం దగ్గర కోసి, ఈ ముందుకి ఆ వెనక అతికారు. అతుకు కనబడకుండా మొత్తం ఎరుపు కొట్టేశారు."

"రెండూ తెల్లవేనా?" అన్నాను.

ఈయన నా వైపు తిరిగారు.

"తెల్లవే మేడమ్. రోడ్డు మీద సగం కార్లు తెల్లవే కదా."

"ఏది ఎవరిదో తెలుస్తుందా?"

"నంబరు ముందు భాగం మీదే ఉంటుంది. కాగితాలు కూడా దానివే. వెనక ముక్కకి ఊరూ పేరూ ఉండదు. ఎవరిదైనా కావచ్చు." చేతులు తుడుచుకుంటూ ఈయనతో అన్నాడు, "సార్, మామూలుగా తిరిగినంతకాలం ఏమీ కాదు. దేన్నైనా గుద్దితే మాత్రం అతుకు దగ్గర విడిపోతుంది. లోపల మనుషులున్నారని చూడదు. కొనకండి. ఊరికే ఇచ్చినా వద్దు."

తిరిగి ఇచ్చేయడానికి ఈయనే నడిపారు, నడకలాగా. బ్యూటీషియన్ ఇంట్లో లేదు. తాళాలు కూతురికిచ్చి వచ్చేశాం. ఆ అమ్మాయికి ఏం చెబుతాం?

జూన్ 22, ఆదివారం

పొద్దున బాల్కనీలో కాఫీ తాగుతుండగా చెప్పేశాను. అది వాడి కారనుకున్నానని.

"తెలుసు," అన్నారు.

"ఎప్పణ్ణించి?"

"మొదటిరోజే. గేరు పడనప్పుడు నీ మొహం చూశాను."

"మరి చెప్పలేదేం?"

గ్లాసు గట్టు మీద పెట్టారు. "ఆ మొహం మూడేళ్ల తర్వాత చూశాను. చెప్పబుద్ధి కాలేదు."

తర్వాత చెప్పారు. వాడి కారుని, గుద్దుకున్న బళ్లు పడేసే యార్డులో చూసింది ఈయనొక్కరే. నన్నూ అమ్మనీ రానివ్వలేదు. ఎలా ఉందని నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. లారీ గుద్దింది ఎదురుగా. ముందు భాగమంటూ ఏమీ మిగల్లేదట. గేర్లు లేవు, స్టీరింగు లేదు.

"అయితే ఆ రెండో గేరు..."

"వాడిది కాదు."

"ఆ పెట్టె మూత?"

"కాదు. ముందు నుంచీ కాదని నాకు తెలుసు."

ఇన్నాళ్లూ నేను మాట్లాడింది ఎవరితోనో. ఆ స్టీరింగు ఎవరిదో. వెనకనించి గుద్దారన్నాడు కదా మెకానిక్, అయితే ముందు కూర్చున్నవాళ్లు బతికే ఉండొచ్చు. వాళ్ల వెనక ఎవరు కూర్చున్నారో. వాళ్లింట్లో కూడా నాలాంటిది ఒకత్తి ఉందేమో, తెల్ల కారు కనబడితే తల తిప్పుకునేది.

ఈయన ఇంకా ఏదో చెప్పాలన్నట్టు ఉన్నారు. "చెప్పండి," అన్నాను.

"వెనక మాత్రం ఏమీ కాలేదు. గీత కూడా పడలేదు. సీట్లో అత్తయ్యగారు వదిలేసి దిగిన బట్టల సంచి పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ సంచి తెచ్చి ఆవిడకిచ్చాను. విప్పి చూసుకుని, మర్నాడు షాపు తెరిచి, ఎవరి బట్టలు వాళ్లకి ఇచ్చేశారు."

ఆ రోజు అమ్మ షాపెందుకు తెరిచిందని అందరూ నోళ్లు నొక్కుకున్నారు. నేను కూడా.

జూన్ 24, మంగళవారం

ఆ కారుతో నాకేం సంబంధం. కొనడం లేదు. అంతే.

జూన్ 25, బుధవారం

నాకేం సంబంధం అని పొద్దుటినించీ అనుకుంటున్నాను. బ్యూటీషియన్‌కి చెప్పాలి కదా. ఫోన్లో చెప్పే మాట కాదు. రేపు వెళ్తాను.

జూన్ 26, గురువారం

వెళ్లేసరికి కారు దగ్గర ఇంకెవరో ఉన్నారు. మొగుడూ పెళ్లాం, చిన్నవాళ్లు. ఆ అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. అతను వెనక తలుపు తీసి, సీటు వెడల్పు జానలతో కొలుస్తున్నాడు. పుట్టబోయే బిడ్డకి సీటొకటి కొన్నారట, అది పడుతుందా లేదా అని.

"నువ్వు పక్కన కూర్చుని చూడు," అన్నాడు. ఆమె నడుం పట్టుకుని, మెల్లగా వంగి, లోపలికి ఎక్కింది. సరిగ్గా డ్రైవరు వెనకాల. సర్దుకుని కూర్చుని, "హాయిగా ఉంది," అంది.

ఇన్నిసార్లు వచ్చాను. ఆ వెనక సీట్లో ఒక్కసారీ కూర్చోలేదు నేను.

"ఈ కారు అమ్ముడైపోయిందమ్మా," అన్నాను.

అతను బ్యూటీషియన్ వైపు చూశాడు. "ఆవిడ ఏమీ చెప్పలేదే?"

"నేనే కొన్నాను. ఆవిడ మర్చిపోయి ఉంటుంది. దిగమ్మా. జాగ్రత్తగా."

నా గొంతులో ఏముందో, మారు మాట్లాడకుండా దిగింది. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా బ్యూటీషియన్ చూస్తూ నిలబడింది. తర్వాత నడుం మీద చేతులేసుకుంది.

"ఎప్పుడు కొన్నావు అమ్మాయ్?"

"ఇప్పుడే."

లోపలికి తీసుకెళ్లింది. మెకానిక్ చెప్పిందంతా చెప్పాను. నమ్మలేదు. బయటికొచ్చి, ముందు సీటు జరిపి, గుడ్డ ఎత్తి, ఆ అతుకు చూపించాను. వేలితో తడిమింది, ఈ చివర నుంచి ఆ చివర దాకా. అలాగే నేలమీద కూలబడింది.

"నా కూతుర్ని దీన్లోనే కదే తిప్పాను. పరీక్షలకి, ఇంటర్వ్యూలకి. వర్షంలో. పెద్ద రోడ్డు మీద లారీల పక్కన."

ఆవిడకి ఆ కారు అమ్మినవాడి సంగతి అడిగాను. వాడి స్థలంలో ఇప్పుడు టైల్స్ షాపు ఉందట. వాడెక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

అప్పుడే తమ్ముడి సంగతి కూడా చెప్పాను. వెనక సగం గురించి. ఎందుకు చెప్పానో తెలీదు, బయటివాళ్లెవరికీ ఇంతవరకూ చెప్పలేదు. ఆవిడ ఓదార్చలేదు. నా చెయ్యి తీసుకుని గోళ్లు చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి మొహం కడుక్కుని వచ్చింది.

"నేను దీన్ని ఇంకెవరికీ అంటగట్టను. నువ్వు కూడా కొనకు. తుక్కు కొనే యార్డువాడికి ఇచ్చేస్తాను, ఎంతకైనా."

"మీ ప్రయాణం?"

తుడుచుకున్న మొహమే మళ్లీ తుడుచుకుంది. ఆ డబ్బు మీదే కొత్త ఊళ్లో ఇల్లు చూసుకున్నారని నాకు తెలుసు.

"నేను కొంటానన్నానుగా. యార్డుకి నేను పంపిస్తాను. నా చేత్తో," అన్నాను.

"అయితే సగం ధరకే తీసుకో. సగం కారే కదా నీది," అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వకూడని నవ్వు. ఆపుకోలేకపోయాం.

జూన్ 27, శుక్రవారం

ఈయనకి చెప్పాను. నడపకూడని కారు డబ్బు పోసి కొంటున్నానని.

"లెక్క ప్రకారం చూస్తే..." అని మొదలుపెట్టారు. నేను చూస్తూ కూర్చున్నాను. "సరే. ఇది లెక్క కాదు," అన్నారు.

జూలై 2, బుధవారం

కారు మా అపార్ట్‌మెంటు కింద ఉంది. శిష్యుడే తెచ్చి పెట్టాడు, సార్‌ని నడపనివ్వలేదు. యార్డు లారీ శనివారం వస్తుంది.

పొద్దున పనికెళ్తూ వెనక తలుపు తెరిచాను. మూసేశాను.

జూలై 3, గురువారం

తెరవలేదు.

కొత్త బ్రాంచికి అక్కడి క్యాషియరు స్కూటరు మీద తీసుకెళ్తానంది. నోరు మూయదు. మంచిదే.

జూలై 5, శనివారం

పొద్దున్నే యార్డు లారీ వచ్చింది. ఇద్దరు మనుషులు గొలుసులు దించుతున్నారు. నేను కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. అంతలో వీధి చివర అమ్మ.

మెడలో టేపు అలాగే ఉంది, షాపులోంచి లేచి వచ్చేసినట్టుంది. నేను ఈయన వైపు చూశాను. ఆయన నేల చూశారు. చెప్పింది ఆయనే.

అమ్మ నన్ను పలకరించలేదు. గొలుసులవాళ్లతో, "బాబూ, కాస్త ఆగండి," అంది. తిన్నగా కారు దగ్గరికెళ్లి, డ్రైవరు వెనక తలుపు తీసి, ఎక్కి కూర్చుంది. తలుపు వేసుకుంది.

నేను వంగి కిటికీలోంచి చూశాను. చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుగా చూస్తోంది.

"నువ్వు ముందు కూర్చో," అంది.

స్టీరింగు ముందు కూర్చున్నాను.

"సీటు వెనక్కి జరుపు."

జరిపాను.

"ఇంకొంచెం."

"అమ్మా, నీకు తగులుతుంది."

"జరపమన్నానా."

జరిపాను. సీటు అమ్మ మోకాళ్లకి తగిలి ఆగింది. నా వీపుకి తెలుస్తూనే ఉంది, ఆ మోకాళ్ల ఒత్తిడి. అమ్మ కాళ్లు తీసుకోలేదు. అద్దంలో చూద్దామనుకుని చూడలేదు. వెనక ఊపిరి వినబడుతోంది. ముందు పొట్టి పొట్టిగా, తర్వాత నిదానంగా. బయట యార్డు మనుషులు ఏదో సినిమా గురించి మాట్లాడుకుంటున్నారు. వాళ్లలో ఒకడు గొలుసు కారు మీద పెట్టబోతే ఈయన చెయ్యి అడ్డం పెట్టారు.

ఎంతసేపు అలా ఉన్నామో.

"కాదు," అంది అమ్మ.

నేను తిరగబోయాను. "తిరక్కు," అంది. "ఇది వాడిది కాదు. వాడిదైతే నాకు తెలీదా?"

తలుపు తీసిన చప్పుడు. దిగాక లోపలికి వంగి, తను కూర్చున్న చోట సీటుని అరచేత్తో ఒకసారి రాసింది. కుట్టడం అయిపోయిన బట్టని మడతపెట్టే ముందు ముడతలు పోయేలా రాస్తుంది, అలా.

యార్డు మనిషి అన్నాడు, "వెనక సీటు ఇంకా బాగుందమ్మా. కావాలంటే ఊడదీసి ఇచ్చేస్తాం, ఇంట్లో వేసుకోవచ్చు."

"వద్దు," అంది అమ్మ, అతని మాట పూర్తికాకుండానే. "మాకెందుకు? మాది కాదు."

కారుని లాగి లారీ మీదికి ఎక్కించారు. వీధిలోకి తిరిగేటప్పుడు ముందు తిరిగింది లారీ, తర్వాత కారు ముందు సగం, ఆఖరికి వెనక సగం. అమ్మ చూడలేదు. అప్పటికే మా మెట్లెక్కుతోంది.

మొదటి అంతస్తు దగ్గర ఆగి, మోకాలు పట్టుకుంది. నేను చెయ్యి అందించాను. పట్టుకోలేదు.

"మొద్దు వెధవ," అంది. "ఎన్నిసార్లు చెప్పినా సీటు ముందుకి జరిపేవాడు కాదు. మోకాళ్లు విరిగిపోతున్నాయిరా అంటే, నా కాళ్లు పొడుగు, నువ్వే కదా కన్నావు, భరించు అనేవాడు."

మెట్ల మీద నిలబడిపోయాను. మూడేళ్ల తర్వాత వాణ్ణి తిట్టింది.

అక్కణ్ణించి ఆగలేదు. మెట్లన్నీ ఎక్కేదాకా, ఇంట్లోకొచ్చి మంచినీళ్లు తాగుతూ, గ్లాసు కింద పెట్టి, చెబుతూనే ఉంది. చిన్నప్పుడు వాడు రేడియో విప్పేసి మళ్లీ బిగించలేక గోడ వెనక పారేయడం. మొదటిసారి మైకు పెట్టిన సభలో పెద్దమనిషి మాట్లాడుతుంటే కుయ్యిమని కూత వచ్చి అందరూ చెవులు మూసుకోవడం. అమ్మకి చెప్పకుండా అప్పు చేసి ఆ కారు కొని, షాపు ముందు ఆపి, పిలవకుండా హారను కొడుతూ కూర్చోవడం. మధ్యలో కొంగుతో మొహం తుడుచుకుంటూ, మళ్లీ చెబుతూ.

అమ్మ కాదంది. అమ్మకి తెలుస్తుంది. నేను నమ్మాను. ఇంకోసారి అడగను.

ఇది పడకగదిలో కూర్చుని రాస్తున్నాను. షాపు ఇవాళ్టికి ఇంక తెరిచేట్టు లేదు, అమ్మ వెళ్లే ఊసెత్తడం లేదు. ముందుగదిలో ఈయనకి రేడియో సంగతి మళ్లీ మొదటినించీ చెబుతోంది. పెళ్లయిన కొత్తలోనే తమ్ముడు చెప్పాడు ఆయనకి ఆ కథ, నేనూ చెప్పాను, ఇందాక అమ్మే చెప్పింది. అయినా ఎప్పుడూ విననట్టు అడుగుతున్నారు.

"ఊఁ. తర్వాత?"